‘కంప్లీటెడ్’ అన్నంత మాత్రాన అన్నీ చేరినట్టు కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

మీ పేపర్లో కొత్త ఫోన్లు, యాప్‌ల గురించి రాస్తుంటారు, బానే ఉంటాయి గానీ నాలాంటి అకౌంటెంట్లు రోజూ తల పట్టుకునే సంగతి ఒకటి ఎవరూ రాయట్లేదు. నేను విజయవాడ గవర్నర్‌పేటలో మందుల హోల్‌సేల్ షాపులో లెక్కలు చూస్తా. గుంటూరు బ్రాంచ్ బిల్లులు రాత్రిపూట వాటంతటవే మా కంప్యూటర్లోకి వచ్చి పడాలి, దాన్నే సింక్ అంటారు. పొద్దున్నే స్క్రీన్ మీద పచ్చరంగులో ‘కంప్లీటెడ్ విత్ వార్నింగ్స్’ అని ఉండేది, పచ్చగానే ఉంది కదా అని నేను టీకి పోయేవాణ్ణి. తీరా నెలాఖరున జీఎస్టీ లెక్క కడుతుంటే గుంటూరు బిల్లులు 412, మా దగ్గర 375. మిగతా 37 ఏవీ అంటే, అక్కడ కొత్తగా చేర్చిన రెండు షాపుల పేర్లు మా కస్టమర్ లిస్టులో లేవంట, ఎవరి ఖాతాలో వెయ్యాలో తెలీక ఆ బిల్లుల్ని స్కిప్ చేసుకుంటూ పోయింది. లాగ్‌లో, అంటే ఏం జరిగిందో కంప్యూటర్ రాసుకునే చిట్టాలో, రోజూ రాస్తానే ఉంది, తెరిచి చూసిన పాపాన ఎవరం పోలేదు.

ఆటోనగర్ లారీ వాళ్ళకి చెప్తే ఇది ఠక్కున అర్థమవుద్ది. బండి వచ్చింది, సరుకు దించారు, డ్రైవర్‌కి ట్రిప్పు అయిపోయింది. రెండు పెట్టెలు తగ్గితే ఎల్‌ఆర్ (లారీ రసీదు) మీద షార్టేజ్ రాయించుకోవాల్సింది మనమే. ‘కంప్లీటెడ్’ అంటే అంతే, ట్రిప్పు అయింది అని. ఎన్ని పంపారు, ఎన్ని చేరినయ్, ఈ రెండు అంకెలూ చూడాలి.

‘క్యూడ్’ అంటే ఇంకా లైన్లోనే ఉంది, పని మొదలవలేదు. ‘ఫెయిల్డ్’ అని ఎర్రగా వస్తే మాత్రం కంగారుపడి మళ్ళీ రన్ కొట్టమాకండి, అప్పటికే సగం చేరి ఉండొచ్చు. సాఫ్ట్‌వేర్ బిల్లు నంబర్ సరిచూసుకునేదైతే పర్లేదు, లేకపోతే ఒకే బిల్లు రెండుసార్లు ఎక్కుద్ది. మా కుర్రాడు ఒకసారి అదే చేశాడు, దాన్ని విడదీసేసరికి నాకు రెండు ఆదివారాలు పోయినయ్.

బ్యాకప్‌కి ఆర్‌సింక్ (ఫైళ్ళు ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేసే ప్రోగ్రాం) వాడేవాళ్ళకి ఇంకో తమాషా, అది మాటలతో పాటు ఒక నంబర్ కూడా ఇస్తది. 0 వస్తే పాస్ (మన చదువుల్లో సున్నా వస్తే వీపు పగిలేది). 23 అంటే ఏదో ఎర్రర్ వచ్చి కొన్ని ఫైళ్ళు పోలేదు, అది ఏంటో చూడాల్సిందే. 24 అంటే లిస్టు రాసుకున్నప్పుడు ఉన్న ఫైలు కాపీ చేసే టైముకి లేదు, చాలాసార్లు ఏదో టెంపరరీ ఫైలే అయ్యుంటది, అంత భయం అక్కర్లా.

సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళని అడిగేది ఒక్కటే, ‘412లో 375 చేరాయి, 37 ఆగాయి, కారణం ఇది’ అని తెలుగులో ఒక్క లైను చూపించండి. ఆ లైను ఉన్నంతసేపూ పచ్చరంగు వెయ్యకండి బాబూ.

ఇట్లు
ఒక అకౌంటెంట్, గవర్నర్‌పేట, విజయవాడ