అవ్వ పాదం మీద వేలు పెట్టి చూసిన సిస్టరక్కకు

మా అవ్వ కోరుట్లలో 20 ఏళ్లు బీడీలు చుట్టింది. చుట్టినవాటిలో రోజుకు పది దాకా తనే తాగేది. మా వైపు ఇది వింతేం కాదు గానీ, డాక్టర్ అడిగితే మాత్రం ఆడవాళ్లు నోరు విప్పరు. అవ్వా విప్పలేదు. నూరడుగులు నడిస్తే పిక్క పట్టేసేది, కాసేపు కూర్చుంటే తగ్గేది. మేం మోకాళ్ల నొప్పులనుకుని ఆరు నెలలు ఆ మందులే మింగించాం.

సద్దుల బతుకమ్మ నాడు హన్మకొండలో మా గల్లీ ఆడవాళ్లంతా ఆడుతుంటే, అవ్వ రెండు చుట్లు తిరిగి అరుగు మీద కూలబడింది. పక్కింటి సిస్టరక్క పట్టుచీరతోనే కింద కూర్చుని, అవ్వ పాదం మీద వేలు పెట్టి నాడి చూసింది. "బీడీ తాగుతవా అవ్వా?" అని మెల్లగా అడిగింది. ఆమెకు చెప్పింది!

మర్నాడు అక్కే వెంట ఉండి చేతికి, చీలమండకు బీపీ చూపించింది. చీలమండ బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.9 కన్నా తక్కువ రాకూడదట. అవ్వకు 0.6 వచ్చింది. డాప్లర్ స్కాన్‌లో కాలి రక్తనాళం సన్నబడిందని తేలింది. బీడీల వల్లేనన్నారు డాక్టర్ గారు.

"బాపు ఇంతకు రెండింతలు తాగిండు, ఆయనకేం కాలేదు కదా సార్?" అన్నాను. డాక్టర్ గారు ఓపిగ్గా చెప్పారు. ఆడవాళ్ల రక్తనాళాలు మామూలుగానే సన్నం. వాటిని కాపాడే ఈస్ట్రోజన్ అనే హార్మోన్‌ను పొగ దెబ్బతీస్తుంది, ముట్లు కూడా ఏడాది రెండేళ్లు ముందే ఆగిపోతాయి. గుండె రక్తనాళాల సంగతైతే 2011లో లాన్సెట్ పత్రికలో వచ్చింది: పొగ వల్ల మగవాళ్లకు ముప్పు ఎన్ని రెట్లవుతుందో, ఆడవాళ్లకు అంతకన్నా 25 శాతం ఎక్కువ. అట్లని బాపును వదల్లేదు, ఆయనకూ పరీక్షలు రాశారు. ఆ కోపంతోనే అనుకుంటా, బాపు కూడా మానేశాడు.

ఆపరేషన్ పడలేదు. మందులు, నడక. నొప్పి వచ్చేదాకా నడవాలి, ఆగాలి, మళ్లీ నడవాలి. ఇప్పుడు కాళోజీ విగ్రహం దాకా పోయి వస్తోంది.

సిస్టరక్కకు, డాక్టర్ గారికి, వెళ్లిన ప్రతిసారీ కిరాయి వద్దన్న ఆటో తమ్ముడికి మా ఇంటిల్లిపాది దండాలు. ఇంకొకరున్నారు, మా కిరాణం అన్న. వెనక బీడీ కట్టలు వరుసగా వేలాడుతుంటే కూడా, అవ్వ కనబడగానే "అయిపోయినయ్ అవ్వా, రేపు రా" అంటాడు. మూడు నెలల నుంచి రోజూ అదే మాట.