విశ్రాంతి దినం పనివాళ్లకూ కావాలి

సంపాదకులకు నమస్కారం.

విశ్రాంతి దినం శనివారమా, ఆదివారమా అని మీ పత్రికలో వస్తున్న ఉత్తరాలు చదువుతున్నాను. ఆ రోజు ఎవరి కోసమన్న మాట మాత్రం ఎవరూ ఎత్తడం లేదు. నేను నర్సును, క్రైస్తవ విశ్వాసిని కూడా. నాకు అసలు విషయం అదే అనిపిస్తుంది.

విశ్రాంతి దినం పాటించమన్నది పది ఆజ్ఞల్లో ఒకటి. ఆ పది ఆజ్ఞలు బైబిల్లో రెండుచోట్ల కనిపిస్తాయి. నిర్గమకాండం 20వ అధ్యాయంలో, దేవుడు ఆరు రోజుల్లో సృష్టి ముగించి ఏడో రోజు విశ్రమించాడు గనుక మనమూ విశ్రమించాలని ఉంది. ద్వితీయోపదేశకాండం 5వ అధ్యాయంలో కారణం వేరు. మీరు ఐగుప్తులో (ఈజిప్టులో) బానిసలుగా బతికారు, అది మరచిపోవద్దని. దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, మీ మధ్య ఉంటున్న పరదేశి, అందరినీ పేరుపేరునా చెప్పి, నీలాగే నీ దగ్గర పనిచేసేవాళ్లూ విశ్రమించాలంటుంది. సెలవంటే ఏమిటో ఎరగని ఇశ్రాయేలు జనానికి ఇచ్చిన ఆజ్ఞ అది!

మరి ఇప్పుడు? ఆరాధన జరిగినంతసేపూ డ్రైవరు బయట కారులోనే ఎదురుచూస్తుంటాడు. చుట్టాలొస్తారని పనిమనిషికి ఆ రోజే పని రెట్టింపవుతుంది. ఇది నన్ను చాలా బాధపెడుతోంది.

క్రీ.శ. 321లో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ ఆదివారం సెలవు ప్రకటించినప్పుడు కూడా అది పట్టణాలవాళ్లకే. పొలం పనులు సాగించుకోవచ్చన్నాడు.

ఆసుపత్రి మూయలేం, నిజమే. యేసు కూడా విశ్రాంతి దినాన ఊచచెయ్యి (ఎండిపోయిన చెయ్యి) గలవాణ్ణి బాగుచేశాడు. ప్రాణం మీదికి వస్తే ఆ రోజు నియమాలను పక్కన పెట్టి తీరాలని యూదులూ అంటారు. అందుకే ఆదివారం డ్యూటీ పడితే నాకు దిగులుండదు. మంచం దిగలేని రోగికి ఒళ్లు పుళ్లు పడకుండా రెండేసి గంటలకోసారి పక్కకు తిప్పుతుండాలి, ఏ రోజైనా అది తప్పదు. ఆదివారం డ్యూటీకి బదులు నాకు వేరే రోజు వీక్లీ ఆఫ్ ఇస్తారు. అదే వార్డు ఊడ్చి తుడిచే ఆమెకు ఆ ఆఫ్ లేదు. రోజుకూలీ కదా, రాకపోతే ఆ రోజు డబ్బులు రావు.

పాస్టర్లకు నా విన్నపం ఒక్కటే. ఇళ్లలో, కొట్లలో, ఆఫీసుల్లో మన దగ్గర పనిచేసేవాళ్లకు జీతం కోయకుండా వారానికో రోజు సెలవివ్వమని సంఘంలో గట్టిగా చెప్పండి. వాళ్లు మన మతంవాళ్లే కానక్కర్లేదు. ఆ ఆజ్ఞ పరదేశిని కూడా కలుపుకునే చెప్పింది.

– ఒక నర్సు