బొరుసు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాత నాణేల మీద వచ్చిన పేజీ చదివాను. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ జేమ్స్ కుక్ బొమ్మ ఉన్న హవాయి అర డాలర్ ఫొటో వేసి, పక్కన లక్షల్లో ధర రాసి, మీ ఇంట్లో ఉందేమో వెతుక్కోండి అన్నారు. ఆ నాణెం మన ఇళ్ళలో పాత ట్రంకు పెట్టెల్లో దొరికే సరుకు కాదండీ. కుక్ హవాయి చేరి 150 ఏళ్ళయిన సందర్భంగా 1928లో అమెరికా ముద్రించిందే మొత్తం 10,008. అర డాలర్ నాణేన్ని అప్పట్లోనే రెండు డాలర్లకు అమ్మారు. సరే, ధర గొడవ పక్కన పెడదాం. నాకు బాధేసింది ఎక్కడంటే, మీరు బొమ్మ ఒక్కటే వేశారు, బొరుసు వేయలేదు.

బొమ్మ వైపు కుక్ ముఖం ఉంటుంది, కింద ఎనిమిది చిన్న త్రికోణాలు, అవి ఎనిమిది ద్వీపాలకు గుర్తు. చుట్టూ ‘హవాయిని కనుగొన్నవాడు’ అని ఇంగ్లీషులో. అదే నాణేన్ని తిప్పి చూస్తే ఈకల అంగీ వేసుకున్న హవాయి నాయకుడు గుట్ట మీద నిలబడి చెయ్యి చాచి ఉంటాడు. కింద వైకీకీ తీరం, కొబ్బరి చెట్లు, గడ్డి ఇళ్ళు. అంటే అప్పటికే అక్కడ ఊరుంది, మనుషులున్నారు, వాళ్ళకో నాయకుడున్నాడు. మరి కనుగొన్నదేమిటి? ఒక వైపు రాసిన మాటకు రెండో వైపు చెక్కిన దృశ్యమే జవాబు చెప్తోంది, అరచేతిలో పట్టే వెండి ముక్క మీద. మీ పాఠకులకు సగమే చూపించారు.

కుక్ గొప్ప నావికుడే, కాదనను. నాకు ఈ పిచ్చి పట్టిందే ఆయన ఓడ వల్ల. విశాఖ హార్బర్లో టాలీ క్లర్కుగా, అంటే ఓడ సరుకు లెక్క రాసేవాడిగా, పనిచేసే రోజుల్లో ఒక ఓడ వాళ్ళు నాకు న్యూజిలాండ్ 50 సెంట్ల నాణెం ఇచ్చారు, పాత పెద్ద సైజుది. దాని మీద తెరచాపల ఓడ, వెనక కొండ. చాలా ఏళ్ళు ఏదో ఓడ అనుకున్నాను. తర్వాత తెలిసింది అది కుక్ మొదటి యాత్ర చేసిన ‘ఎండీవర్’ అని, అంతకు ముందు అది ఇంగ్లండులో బొగ్గు మోసిన ఓడ అని. రోజూ బొగ్గు ఓడల మధ్య తిరిగేవాణ్ణి కాబట్టి ఆ మాట మనసుకు పట్టేసింది. అలాంటి మొద్దు ఓడలో 1769లో తహితి ద్వీపం నుంచి శుక్రుడు సూర్యుడి ముందుగా దాటిపోవడం చూసి, అక్కడి నుంచి న్యూజిలాండ్, ఆస్ట్రేలియా తూర్పు తీరం పటాలు గీశాడు ఆయన. ఆ ఓడలోనే తుపయా అనే పాలినీషియా (పసిఫిక్ ద్వీపాల) పూజారి, సముద్రం దారులు తెలిసినవాడు, తోడు వెళ్ళాడు, తిరిగి ఇల్లు చేరకుండానే బటేవియాలో (ఇప్పటి జకార్తా) చనిపోయాడు. నా దగ్గరున్న కుక్ నాణేల్లో ఒక్కదాని మీద కూడా తుపయా లేడు. న్యూజిలాండులో దిగిన మొదటి రోజే, 1769 అక్టోబర్ 8న, కుక్ మనుషుల తూటాకు తె మారో అనే మావోరీ, అంటే అక్కడి మూలవాసి, ప్రాణం వదిలాడు. ఇవన్నీ నాణెం మీద పట్టవు, నిజమే. పత్రికలో పడతాయి కదా?

ఇంకో మాట. కుక్ చనిపోయాక 1784లో లండన్ రాయల్ సొసైటీ అనే శాస్త్రవేత్తల సంఘం ఆయన స్మారకంగా ఒక పతకం చేయించింది, చెక్కింది లూయిస్ పింగో. దాని మీద లాటిన్‌లో ఉన్నదానికి అర్థం ‘సముద్రాన్ని అత్యంత పట్టుదలగా శోధించినవాడు’ అని. ఆయన్ని కళ్ళారా చూసిన వాళ్ళు శోధించాడన్నారు, 144 ఏళ్ళ తర్వాత వచ్చినవాళ్ళు కనుగొన్నాడన్నారు. నాకైతే మొదటివాళ్ళ మాటే సరైనదనిపిస్తుంది. ఆయన చనిపోయింది కూడా హవాయిలోనే, 1779 ఫిబ్రవరి 14న, పడవ పోయిందని అక్కడి రాజు కలానియోపుఉని బందీగా పట్టుకుపోబోతే జరిగిన గొడవలో.

అన్నిటికన్నా నాకిష్టమైన పతకం మీద అసలు కుక్ పేరే లేదు. కుక్ రెండో యాత్రలో ద్వీపాల వాళ్ళకు పంచడానికని, మొదటి యాత్రలో ఆయనతో వెళ్ళిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్, బర్మింగ్‌హామ్‌లో మాథ్యూ బౌల్టన్ అనే కార్ఖానాదారు చేత చేయించినవి అవి. ఎక్కువ భాగం ఇత్తడి లాంటి లోహం, సుమారు 2,000. ఒక వైపు మూడో జార్జి, రెండో వైపు రెండు ఓడలు, కింద ‘ఇంగ్లండు నుంచి 1772 మార్చిలో బయల్దేరాయి’ అని. కానీ ఓడలు బయల్దేరింది జూలైలో! బ్యాంక్స్ తన బృందం కోసం ఓడ మీద అదనంగా గదులు కట్టిస్తే, పై బరువు ఎక్కువై ఓడ ఒరిగిపోతోందని పీకేశారు. ఆయన అలిగి ప్రయాణమే మానుకున్నాడు. తప్పు నెల ఉన్న పతకాలు మాత్రం వెళ్ళాయి. కొన్ని తర్వాత న్యూజిలాండ్ మట్టిలో బయటపడ్డాయి. ఇదీ బొరుసు చూస్తేనే దొరికే కథ.

ధర ఒక్కటే చెప్తే జరిగే నష్టం నాకు స్వయంగా తెలుసు కాబట్టి చెప్తున్నాను. నాలుగేళ్ళ కిందట ఇదే హవాయి అర డాలర్ ఆన్‌లైన్‌లో పద్నాలుగు వేలకు కొన్నాను. ఫొటోలో కుక్ ముఖం దివ్యంగా ఉంది, బొరుసు ఫొటో అడిగితే రేపు మాపు అన్నారు. పార్శిల్ విప్పి తిప్పి చూస్తే నాయకుడి ముఖం, చాచిన చేతి వేళ్ళు అరిగిన సబ్బుబిళ్ళలా కలిసిపోయి ఉన్నాయి. అసలుది 12.5 గ్రాములు ఉండాలి, మన ఐదో జార్జి రూపాయి అంత వెడల్పు, దానికన్నా కాస్త బరువు. మా వీధి కంసాలి తూకం వేస్తే 9 గ్రాములు దాటలేదు. డబ్బు తిరిగి రాలేదు. మీ పేజీ చూసి ఇప్పుడు ఎంతమంది ఫోన్లలో వెతుకుతున్నారో అని టెన్షన్‌గా ఉంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఆస్ట్రేలియా 1970లో వేసిన 50 సెంట్ల నాణెం చూపించండి. పన్నెండు అంచులు, కుక్ ముఖం, పక్కన ఆస్ట్రేలియా పటం. కోటీ అరవై లక్షలకు పైగా వేశారు కాబట్టి నాణేల ఎగ్జిబిషన్లలో వందల్లోనే దొరుకుతుంది, మోసపోయే భయం తక్కువ.

వచ్చే ఆదివారమైనా ఆ హవాయి నాణెం బొరుసు ఫొటో వేయండి, పక్కనే బరువూ వెడల్పూ రాయండి. చోటు చాలకపోతే ధర తీసేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకుడు,
విశాఖపట్నం