సీల్ మార్చాం, అయినా ఆయిల్ కారింది: తప్పు మాదే

మా షెడ్డుకు పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కార్లు తెచ్చే అందరికీ,

ఈ మధ్య మేం క్రాంక్ షాఫ్ట్ ఆయిల్ సీల్ మార్చి పంపిన కారు ఒకటి మూడు వారాలకే తిరిగొచ్చింది. ఆగిన చోటల్లా నేల మీద అరచేయంత నల్ల మరక. ఓనరు గారు గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది. సీల్‌లో లోపం లేదు, తప్పు మాదే. ఎక్కడ తప్పామో, ఇకపై పని ఎలా చేస్తామో మీకు చెప్పాలి.

ఇంజిన్‌లో పిస్టన్లు తిప్పే ఇరుసే క్రాంక్ షాఫ్ట్. దానికి గేర్ బాక్స్ వైపు చివర ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఉంటుంది. ఇంజిన్ కేసులోని ఆయిల్ ఆ సందులోంచి బయటికి రాకుండా ఫ్లైవీల్ మెడను చుట్టి పట్టుకునే రబ్బరు రింగే ఈ సీల్. వస్తువు చిన్నదే. దాన్ని అందుకోవాలంటే మాత్రం ఇంజిన్ దించాలి, క్లచ్ విప్పాలి, 36 మిల్లీమీటర్ల నట్టు తీసి ఫ్లైవీల్ ఊడదీయాలి. తిరిగి బిగించేటప్పుడు ఆ నట్టుకు సుమారు 340 న్యూటన్ మీటర్ల బిగింపు పట్టాలి. పొడవాటి రాడ్ తగిలించి, ఒళ్లు బరువంతా దాని మీద వేయాల్సిందే. ఇంజిన్‌ను గేర్ బాక్స్‌కు పట్టి ఉంచేవి నాలుగే బోల్టులు కాబట్టి దించడం మాత్రం తేలిక. ఆ తేలికే మమ్మల్ని తొందరపెట్టింది.

తిరిగొచ్చిన ఇంజిన్‌ను మళ్లీ దించి, ఫ్లైవీల్‌ను రెండు చేతులతో పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగి చూశాను. టక్ మంది. డయల్ గేజ్ పెడితే ముల్లు 0.30 దగ్గర ఆగింది. ఈ ఇంజిన్‌లో క్రాంక్ అలా జరగాల్సింది 0.07 నుంచి 0.13 మిల్లీమీటర్ల వరకే. 0.15 దాటితే వదలకూడదు. అంటే మొదటిసారి మేం ఆ కొలతే తీయలేదన్నమాట. ఈ కదలికను సరిచేసేవి షిమ్‌లనే పలచటి లోహపు రింగులు. విప్పినప్పుడు వచ్చిన మూడు షిమ్‌లనే తుడిచి తిరిగి పెట్టేశాం. క్లచ్ తొక్కిన ప్రతిసారీ క్రాంక్ తన రెండో చివరనున్న పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) వైపు జరుగుతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. ఆ ఊగిసలాటకు సీల్ పెదవి ఒక చోట కుదురుకోలేక అరిగిపోతుంది. ఎంత మంచి సీల్ తెచ్చి పెట్టినా అంతే.

దానికి తోడు ఫ్లైవీల్ మెడ మీద పాత సీల్ చేసిన గాడి ఉంది. కంటికి సన్నటి గీతలాగే కనబడింది. గోటితో అడ్డంగా గీస్తే గోరు అక్కడ ఆగింది. అది కూడా మొదటిసారి చూడాల్సిందే, చూడలేదు.

ఈసారి పద్ధతిగా చేశాం. సీల్, ఓ-రింగ్ (ఫ్లైవీల్ లోపల పెట్టే సన్నటి రబ్బరు రింగు) లేకుండా, రెండు షిమ్‌లతోనే ఫ్లైవీల్ బిగించి క్రాంక్ ముందుకూ వెనక్కూ ఎంత జరుగుతోందో కొలిచాం. అందులోంచి ఉండాల్సిన 0.10 తీసేస్తే మిగిలేది మూడో షిమ్ మందం. అవి 0.24, 0.30, 0.32, 0.34, 0.36 ఇలా రకరకాల మందాల్లో వస్తాయి. మూడూ పెట్టి మళ్లీ కొలిచి, సరిపోయాకే సీల్ వేశాం. సీల్ అంచు చుట్టూ ఒకే లోతులో కూర్చునేదాకా కొద్దికొద్దిగా కొట్టాలి. ఒక పక్క దిగి ఇంకో పక్క లేస్తే ఆ పని లెక్కలోకి రాదు. గాడి పడ్డ ఫ్లైవీల్ బదులు వేరేది వేశాం. ఆయిల్‌లో తడిసిన క్లచ్ ప్లేటూ మార్చాం. దాన్ని కడిగి వాడటం మీద నాకు నమ్మకం లేదు.

అందుకే ఇకపై "ఒక్కరోజులో సీల్ మార్చి ఇస్తాం" అనే మాట మా నోట రాదు. కొలత తీశాక గేజ్ ఫోటో మీకు పంపుతాం. క్రాంక్‌ను మోసే బేరింగే కేసులో వదులైపోయి ఉంటే షిమ్‌లతో నయం కాదు, ఇంజిన్ విడదీయాలి. ఆ సంగతి బిగించకముందే చెబుతాం.

చాలామంది "రెండు వైపులా సీళ్లు మార్చారా?" అని అడుగుతున్నారు. బీటిల్ ఇంజిన్‌కు కంపెనీ నుంచి పుల్లీ వైపు రబ్బరు సీల్ అసలు రాదు. ఆయిల్‌ను విసిరికొట్టే ఒక పళ్లెం, దాన్ని లోపలికే తిప్పి పంపే మరలాంటి గాడి పుల్లీ మెడ మీద ఉంటాయి, అంతే. అక్కడ కారుతోందంటే బ్రీదర్ (కేసులోని గాలిని బయటికి వదిలే గొట్టం) మూసుకుపోయిందేమో, పిస్టన్ రింగులు అరిగి కేసులో ప్రెజర్ పెరిగిందేమో ముందు చూడాలి.

ఇంకో విషయం. ఇంజిన్‌కూ గేర్ బాక్స్‌కూ మధ్య నుంచి పడే ప్రతి చుక్కా ఈ సీల్‌దే కాదు. వేలికి రాసుకుని వాసన చూడండి. ఘాటుగా ముక్కుకు తగిలితే అది గేర్ ఆయిల్, గేర్ బాక్స్‌కు ఇంజిన్ వైపున్న సీల్‌ది. పైనున్న ఆయిల్ కూలర్ సీళ్లు పోయినా, ఆయిల్ ప్రెజర్ స్విచ్ దగ్గర చెమర్చినా కిందికి జారి మరక అక్కడే తేలుతుంది.

గత ఆరు నెలల్లో మా దగ్గర ఈ సీల్ మార్పించుకున్న వాళ్లు ఒక్కసారి రండి. ఇంజిన్ ఆపి క్రాంక్ పుల్లీని పట్టి లోపలికీ బయటికీ లాగి చూస్తాం, ఐదు నిమిషాల పని. టక్ మంటే సీల్, ఓ-రింగ్, షిమ్‌లు, కూలి అన్నీ మావే. వచ్చేముందు ఇంజిన్ మాత్రం కడిగించకండి. ఆయిల్ ఎక్కడ మొదలైందో ఆ మురికిలోనే కనబడుతుంది.