నెలసరి ఆలస్యమైనప్పుడు: మా అబ్బాయికి ఒక ఉత్తరం

చిరంజీవి నాన్నకు అమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఇలాంటి సంగతి అమ్మకు రాయడానికి ఎంత తటపటాయించి ఉంటావో ఊహించగలను. నువ్వూ ఆ అమ్మాయీ ఇద్దరూ ఎదిగినవాళ్ళు, ఉద్యోగాలు చేసుకుంటున్నవాళ్ళు కనుక మీ స్నేహం ఎంతవరకు వచ్చిందని నిలదీసే ఉద్దేశం నాకు లేదు. ప్రతిసారీ కండోమ్ వాడినా ఆమెకు నెలసరి తేదీ దాటి వారమైందనీ, ఇద్దరికీ నిద్ర పట్టడం లేదనీ రాశావు. అడిగినదానికే జవాబు రాస్తున్నాను.

అంత పెద్ద ఉత్తరంలో పరీక్ష చేసుకున్నారా లేదా అన్న ఒక్క మాట మాత్రం లేదు. లక్షణాల జాబితా మాత్రం ఉంది. రొమ్ముల్లో సలపరం, అలసట, పొత్తికడుపులో బరువు, చిరాకు గర్భం నిలిచిన తొలి రోజుల్లోనూ ఉంటాయి, నెలసరి రాబోయే ముందూ ఉంటాయి. వాటిని బట్టి ఇదా అదా అని చెప్పడం వైద్యులకే సాధ్యం కానప్పుడు, అర్ధరాత్రి ఫోను ముందు కూర్చుని మీరిద్దరూ తేల్చగలిగేది ఏమీ లేదు.

కండోమ్ వాడినా నూటికి 13 మందికి గర్భం వస్తుందని ఎక్కడో చదివి బెదిరిపోయావు. ఆ అంకె తప్పు కాదు, నువ్వు చదివిన తీరు తప్పు. వంద జంటలు ఏడాది పొడవునా కండోమ్ మీదే ఆధారపడితే, మనుషులు మామూలుగా వాడే తీరులో, ఆ ఏడాదిలో దాదాపు 13 మందికి గర్భం నిలుస్తుందని దాని అర్థం. అది ఒక్కొక్క కలయికకు వేసిన లెక్క కాదు. ప్రతిసారీ, మొదటి నుంచి చివరి వరకు, సరైన పద్ధతిలో వాడే జంటల్లో ఆ సంఖ్య 2కు పడిపోతుంది. ఆ రెండు అంకెల మధ్య తేడా అంతా మనుషుల అజాగ్రత్తే: ఒకసారి వాడకుండా ఊరుకోవడం, కలయిక మధ్యలో తొడుక్కోవడం, గడువు దాటినదాన్ని వాడడం, లేటెక్స్‌ను బలహీనపరిచే నూనెలు రాయడం, జారినా చిరిగినా గమనించకపోవడం. వీటిలో ఏదైనా జరిగిందా అన్నది నాకు రాయనక్కర్లేదు, నీకు నువ్వు నిజాయితీగా చెప్పుకుంటే చాలు. ఏదీ జరగకపోతే గర్భం నిలిచే అవకాశం చాలా తక్కువ.

మరి నెలసరి ఎందుకు రాలేదని అడుగుతావు. ఇక్కడే చాలామంది మగవాళ్ళకు, ఆడవాళ్ళలోనూ కొందరికి, తెలియని విషయం ఒకటి ఉంది. ఒక నెలసరి మొదటి రోజు నుంచి తరువాతి నెలసరి మొదటి రోజు వరకు 21 నుంచి 35 రోజుల వ్యవధి మామూలే, ఒకే మనిషికి కూడా అది ప్రతినెలా ఒకేలా ఉండదు. అండం విడుదలయ్యాక గర్భం రాకపోతే సుమారు రెండు వారాలకు నెలసరి వస్తుంది, ఆ రెండు వారాలు పెద్దగా మారవు. సాగేదీ కుదించుకుపోయేదీ అండం విడుదలకు ముందున్న భాగం. జ్వరం, మనసు మీద ఒత్తిడి, బరువులో మార్పు, మితిమీరిన వ్యాయామం, నిద్రవేళలు తారుమారు కావడం వంటివి అండం విడుదలనే వెనక్కి నెట్టగలవు, అప్పుడు నెలసరి కూడా అన్ని రోజులూ వెనక్కి జరుగుతుంది. ఆమెకు ఈ మధ్యే రాత్రి షిఫ్టులు మొదలయ్యాయని నువ్వే రాశావు. కండోమ్ వాడినా భయం తీరక అత్యవసర గర్భనిరోధక మాత్ర ఏమైనా వేసుకుందేమో కూడా తెలుసుకో. ఆ మాత్ర నెలసరిని కొన్ని రోజులు ముందుకో వెనక్కో జరపగలదు, అంటే భయంతో వేసుకున్న మాత్రే కొత్త భయానికి కారణం కావచ్చు.

అయినా ఇవన్నీ అవకాశాలే, జవాబు చెప్పగలిగేది పరీక్ష ఒక్కటే. ఫలదీకరణ చెందిన అండం గర్భాశయపు గోడకు అంటుకున్నాకే హెచ్‌సీజీ అనే హార్మోను తయారవుతుంది, ఇంట్లో చేసుకునే పరీక్ష మూత్రంలో దాన్నే పసిగడుతుంది. అండం విడుదలైన 6 నుంచి 12 రోజుల్లోగా అంటుకోవడం జరుగుతుంది కనుక మరీ ముందుగా చేస్తే గర్భం ఉన్నా లేదనే చూపవచ్చు. నెలసరి తేదీ దాటి వారమైంది కాబట్టి ఆమె ఇప్పుడే చేసుకోవచ్చు. ఉదయం లేవగానే వచ్చే మూత్రంతో చేయడం మేలు. కిట్‌లోని కాగితం మీద రాసిన సమయంలోపే ఫలితం చూడాలి. ఆ సమయంలో రెండో గీత సన్నగా కనిపించినా గర్భం ఉందనే అనుకోవాలి, ఎంతోసేపటి తరువాత తేలిన మసక గీతను లెక్కలోకి తీసుకోకూడదు. లేదని వచ్చి, నెలసరి కూడా రాకపోతే వారం తరువాత మళ్ళీ చేసుకోవాలి. చివరి కలయిక జరిగి 21 రోజులు నిండాక సక్రమంగా చేసిన పరీక్ష లేదని చెబితే దాన్ని నమ్మండి. రోజుకొక కిట్ తెచ్చుకోవడం వల్ల ఫలితం మారదు. ఆందోళనలో ఉన్న మనిషికి ఈ నమ్మడమే అన్నిటికంటే కష్టమని నాకు తెలుసు, అందుకే ఇంత నొక్కి రాస్తున్నాను.

పరీక్ష చేయకుండా నెలసరి తెప్పించే మాత్రలు వేసుకోవద్దని ఆమెకు చెప్పు. గర్భం ఉందని తేలితే సొంతంగా ఏ మందూ వాడకుండా స్త్రీల వైద్యురాలిని కలవాలి, ఆ తరువాత ఏం చేయాలన్న నిర్ణయం ఆమెది. ఒకపక్కన తీవ్రమైన కడుపునొప్పి, రక్తస్రావం, భుజం చివర నొప్పి, కళ్ళు తిరిగి పడిపోవడం వంటివి కనిపిస్తే గర్భం గర్భాశయంలో కాక అండం ప్రయాణించే గొట్టంలో నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం మీదికి తెచ్చే సంగతి కనుక ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్ళాలి. గర్భం లేదని తేలినా మూడు నెలలు నెలసరి రాకపోతే థైరాయిడ్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం విడుదల క్రమం తప్పే సమస్య) వంటి కారణాలు చూడాలి, దానికీ వైద్యురాలే దిక్కు.

ఇక నీ సంగతి. పొద్దున్నే ‘వచ్చిందా’ అని అడగడం మానెయ్. వస్తే ఆమే చెబుతుంది. నువ్వు అడిగిన ప్రతిసారీ తాను ఏదో తప్పు చేసినట్టు జవాబు చెప్పుకోవలసి వస్తుంది. కిట్ నువ్వే కొని ఇవ్వు, ఫలితం మొదట ఆమెనే చూసుకోనివ్వు, రమ్మంటేనే ఆసుపత్రికి తోడుగా వెళ్ళు. ఇకముందు ఎప్పుడైనా కండోమ్ చిరిగితే ఎదురుచూస్తూ కూర్చోవద్దు. అత్యవసర గర్భనిరోధక మాత్రల్లో లెవోనార్‌జెస్ట్రెల్ అనేదాన్ని 72 గంటల్లోపు వేసుకోవాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. యులిప్రిస్టల్ అనే మరో మాత్రకూ, వైద్యులు గర్భాశయంలో అమర్చే రాగి లూపుకూ 5 రోజుల వరకు వ్యవధి ఉంటుంది. ఇంతకంటే నిశ్చింత కావాలనుకుంటే కండోమ్‌తో పాటు మరో పద్ధతి కూడా పాటించడం గురించి ఇద్దరూ కలిసి వైద్యురాలితో మాట్లాడండి.

మీ నాన్నగారికి ఈ విషయం చెప్పలేదు, నువ్వు చెప్పమంటే తప్ప చెప్పను. పరీక్ష ఫలితం నాకు తెలియజేయడానికి ఆ అమ్మాయికి అభ్యంతరం లేకపోతేనే రాయి.

ఇట్లు,
అమ్మ