చూడి పందులు ఈసుకుపోతే మందు కంటే ముందు నమూనా: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో పందుల పెంపకం మీద బతికే కుటుంబాల తరఫున ఒక్కటే అడుగుతున్నాం. చూడి పంది ఈసుకుపోయిందన్న (నెలలు నిండకముందే పిల్లల్ని పడేసిందన్న) కబురు రాగానే, సూది వేసేముందు నమూనా తీసే ఏర్పాటు చేయించండి.

పంది చూడి కాలం 114 రోజులు. పీఆర్‌ఆర్‌ఎస్ అనే, చూడి పోగొట్టి ఊపిరి జబ్బు తెచ్చే వైరస్ ఎక్కువగా చివరి నెలలో దెబ్బ తీస్తుంది. తల్లి మేత మానేస్తుంది, జ్వరం వస్తుంది, కొన్నింటికి చెవులు నీలమెక్కుతాయి. ఒకే ఈతలో అప్పుడే చచ్చినవి, ఎండి నల్లబడ్డవి, లేవలేనివి కలిసి పడతాయి. బతికిన పిల్లలు ఆయాసంతో పోతాయి. పార్వో అనే మరో వైరస్ సోకితే తల్లి హుషారుగానే ఉంటుంది, తొలిచూలు వాటికే ఎక్కువగా వస్తుంది. దోమలు మోసే మెదడువాపు వైరస్ కూడా చచ్చిన పిల్లల్ని పుట్టిస్తుంది, అది మనుషులకూ ప్రమాదం. కంటితో చూసి వీటిని విడదీయలేం. యాంటీబయాటిక్ వీటిలో ఏ వైరస్‌నూ చంపదు.

ఎక్కువ తప్పు జరిగేది నమూనా దగ్గరే. కుళ్లిన పిండాన్ని పంపితే వైరస్ నశించిపోయి ఉంటుంది, వ్యాధి ఉన్నా లేదని ఫలితం వస్తుంది. తీయాల్సింది బలహీనంగా పుట్టిన పిల్లల రక్తం, వీలైతే పాలు తాగకముందే. అప్పుడే చచ్చిన పిల్ల ఊపిరితిత్తులు, టాన్సిళ్లు, జ్వరంతో ఉన్న తల్లి రక్తం కూడా కావాలి. వీటిని 4 డిగ్రీల చల్లదనంలో, రెండు రోజుల్లోపు, వైరస్ జన్యువును నేరుగా పట్టే ఆర్‌టీ-పీసీఆర్ పరీక్షకు చేర్చాలి. యాంటీబాడీ పరీక్ష వైరస్ ఎప్పుడో తగిలిందని మాత్రమే చెబుతుంది. మామునూరు పశువైద్య కళాశాలను ఈ పనికి కేంద్రం చేయండి. నిర్ధారణకు భోపాల్‌లోని జాతీయ పశువ్యాధుల పరీక్షా సంస్థ ఉండనే ఉంది.

కోలుకున్న పంది టాన్సిళ్లలో పీఆర్‌ఆర్‌ఎస్ వైరస్ ఐదు నెలల దాకా దాగి ఉండగలదు. పోతు వీర్యంలో మూడు నెలల వరకు రావచ్చు. అందుకే ఊరూరా పోతును తిప్పడం ఆపాలి. వ్యాధి తేలిన మందలోకి సుమారు 200 రోజులు కొత్త పందిని రానివ్వకూడదు. సబ్సిడీ యూనిట్లకు కొనే పందులను 60 రోజులు వేరుగా ఉంచి, వచ్చినప్పుడొకసారి, మందలో కలిపేముందు మరోసారి పరీక్షించాలి. ఒక్కో ఈత పిల్లలకు ఒక్కో కొత్త సూది వాడాలి. లారీని సబ్బునీళ్లతో కడిగి, క్రిమిసంహారకం కొట్టి, బాగా ఆరనివ్వాలి. తడి ఆరకపోతే కడిగిన శ్రమ వృథా.

మన దేశంలో పీఆర్‌ఆర్‌ఎస్ 2013లో మిజోరంలో బయటపడింది. టీకా తెస్తే చాలని ఎవరైనా మీకు చెబితే తొందరపడకండి. బతికున్న వైరస్ టీకా మందలో తిరిగి పాకగలదు, టీకాలోని రకం ఇక్కడి వైరస్ రకంతో కుదరకపోతే రక్షణా సరిగా ఉండదు. ముందు ఇక్కడ ఏ రకం ఉందో, అసలు ఉందో లేదో తేల్చాలి. పీఆర్‌ఆర్‌ఎస్ మనుషులకు సోకదన్న మాట కూడా శాఖే ప్రకటించాలి.

పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం (2009) ప్రకారం అంటువ్యాధి సమాచారం ఇవ్వడం యజమాని బాధ్యత. ఇచ్చినవాళ్లకు పరిహారం ఎంతో, ఎన్నాళ్లలో వస్తుందో ముందే చెప్పండి. లేదంటే ఈసుకుపోయిన పంది మర్నాడే దళారి బండెక్కుతుంది.

ఇట్లు,
ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల పందుల పెంపకందారులు