నీ ప్రయాణం సంగతి ఒక్క మాటా రాయలేదు

బుజ్జీ,

నువ్వు పంపిన ఫోటోలు మూడూ చూశాం. గుమ్మడి టార్టు మధ్యలో పగులు లేదు, అంచు ఎక్కడా కుంగలేదు, రంగు అంతటా సమంగా వచ్చింది. మీ నాన్న కళ్ళద్దాలు తుడుచుకుని రెండోసారి చూసి, "సరైన సమయానికి తీసింది" అన్నారు. ఆయన నోట అంత మాట వచ్చిందంటే నీకు నేను వేరే చెప్పనక్కర్లేదు. మధ్య భాగం 80 డిగ్రీల దగ్గర ఉండగానే, ఇంకా కొంచెం వణుకుతుండగానే తీసి ఉంటావు. అంతకు మించితే గుడ్డు బిగుసుకుపోయి నీరు వదులుతుంది, చల్లారేటప్పుడు పగుళ్ళు వస్తాయి. బాగుంది. కానీ ఫోటోలో నీ చెయ్యి ఒక్కటే ఉంది. మూడు వారాలుగా వస్తున్నవన్నీ అలాంటి ఫోటోలే. టార్టులు ఎలా ఉన్నాయో తెలుస్తోంది, నువ్వెలా ఉన్నావో తెలియడం లేదు.

పోయిన ఆదివారం చిట్టి వచ్చింది. ఆ మాటా ఈ మాటా చెబుతూ, మీరిద్దరూ నాటకానికి వెళ్ళారని, రెండో అంకంలో దగ్గు ఆగక నువ్వు రెండుసార్లు బయటకు వెళ్ళి వచ్చావని అంది. అనేసిన తర్వాత నాలుక కరుచుకుని మాట మార్చింది. దాన్ని ఏమీ అనకు. నువ్వు చిన్నప్పటి నుంచీ నాటకం మధ్యలో లేచినదానివి కాదు. హంతకుడెవరో మొదటి అంకంలోనే నా చెవిలో చెప్పి, నీ ఊహ నిజమవుతుందో లేదో చూడడానికి తెర పడేదాకా కదలకుండా కూర్చునేదానివి. సరే, హాలులో చలి ఎక్కువై ఉంటుంది. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

ఆకురాలు కాలం వస్తే బేకరీలో ఊపిరి సలపదు అని రాయబోయి ఆ మాట కొట్టేశాను. చేతినిండా పని ఉంటుంది. నువ్వు అడిగిన ఆపిల్ టార్టు సంగతి చెబుతాను. అడుగు తడిసిపోవడం చాలాసార్లు పిండి తప్పు కాదు, పండు తప్పు. కోసిన ముక్కలకు చక్కెర పట్టించి గంటసేపు చిల్లుల గిన్నెలో ఉంచు. దిగిన రసాన్ని పారబోయకుండా చిక్కబడేదాకా మరిగించి మళ్ళీ ముక్కల్లో కలుపు. అప్పుడు పండు ఓవెన్‌లో ఒక్కసారిగా కుంగిపోదు, పై పొర కింద గుల్ల ఏర్పడదు. ఒకే రకం పండు వాడకు. గ్రానీ స్మిత్ లాంటి పుల్లని రకం ముక్కగా నిలబడుతుంది, దానికి తోడుగా మెత్తబడే తీపి రకం ఒకటి ఉండాలి. ఆ గ్రానీ స్మిత్ నిజంగానే ఒక అవ్వ పేరని నీకు ఎప్పుడైనా చెప్పానా? 1868లో ఆస్ట్రేలియాలో, సిడ్నీ దగ్గర, మారియా ఆన్ స్మిత్ అనే ఆమె తోటలో ఎవరూ నాటకుండానే మొలిచిన చెట్టట అది. ఆ కథ నాకెందుకో చాలా ఇష్టం.

దాల్చినచెక్క పొడిని పిండి ముద్దలోనే ఎక్కువగా కలిపేస్తున్నావని ఫోటోలో రంగు చూస్తే అనిపించింది. అలా చేస్తే ఈస్టు మందగిస్తుంది. వెన్నతో, చక్కెరతో కలిపి లోపల పూత పూసి చుట్టు. బేరిపళ్ళు మెత్తబడ్డాయో లేదో తొడిమ పక్కన నొక్కి చూడు, పొట్ట దగ్గర కాదు. పొట్ట మెత్తబడేసరికి లోపల కుళ్ళు మొదలై ఉంటుంది. నువ్వు పోయినేడు పట్టిన క్విన్సు సీసా ఇంకా ఒకటి మిగిలింది. పచ్చిగా ఉన్నప్పుడు నోట పెట్టలేనంత వగరుగా, పాలిపోయి ఉండే పండు, సన్నని మంట మీద గంటలు గంటలు ఉడికి అంత ఎర్రగా ఎలా మారుతుందో చూడాలని ఆ రోజంతా గిన్నె దగ్గర నుంచి కదల్లేదు నువ్వు. ఆ సీసా మూత మీ నాన్న తీయనివ్వడం లేదు.

ఇన్ని రకాలు చేస్తున్నారంటే రోజుకు ఎన్ని బస్తాల పిండి విప్పుతున్నారు అక్కడ? జల్లించేది నువ్వేనా? నువ్వు పనిచేసే గదికి కిటికీ ఉందా?

రాజు బాబాయితో ఆపిల్ తోటలకు వెళ్ళిన కథ నీకు సగమే తెలుసు. రైలు తప్పిపోవడం, బుట్ట పట్టాల మీద పడడం, అదంతా నువ్వు నవ్వే సగం. అప్పటికి ఏడాదిగా బాబాయికి తుమ్ములు, కళ్ళ దురద. తెల్లవారుజామున బస్తా మూతి విప్పగానే మొదలయ్యేవి. తర్వాత తర్వాత రాత్రుళ్ళు దగ్గు, ఛాతీలో పిల్లికూతలు. పని దగ్గర కాదు, ఇంటికొచ్చి పడుకున్నాక వచ్చేవి కాబట్టి చలికని అనుకున్నాం. బేకరీ ఎనిమిది రోజులు మూసి ముగ్గురం బయల్దేరాం. రైల్లో బాబాయి కిటికీ పక్కన కూర్చున్నాడు. చలిగాలి మొహాన కొడుతున్నా ఒక్క దగ్గు లేదు. బుట్ట పడిన రాత్రి ప్లాట్‌ఫారం మీదే పడుకున్నాం. మంచు కురుస్తుంటే నేనూ మీ నాన్నా వణుకుతూ కూర్చున్నాం, బాబాయి మాత్రం పసిపిల్లవాడిలా నిద్రపోయాడు. తోట పక్క ఊళ్ళో సర్కసు గుడారం వేశారు. వరసగా రెండు రాత్రులు వెళ్ళాం. జోకరు నిచ్చెన ఎక్కలేక పడుతూ లేస్తూ ఉంటే, నవ్వి నవ్వి బాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అంత నవ్వినా దగ్గలేదు.

ఐదో రోజున తోట యజమాని తల్లి మాకు స్ట్రూడెల్ పిండి, అదే ఆపిల్ ముక్కలు పెట్టి చుట్టే పల్చని పొర, సాగదీయడం నేర్పింది. బల్ల నిండా పూల దుప్పటి పరిచింది. దాని మీద పిండి చల్లింది. నా ఉంగరం తీయించింది. ముద్దను చేతుల వెనుక వైపు వేసుకుని, వేళ్ళు పొడుచుకోకుండా, బల్ల చుట్టూ తిరుగుతూ నెమ్మదిగా లాగింది. చూస్తుండగానే పొర పల్చబడి, కింద దుప్పటి మీది పూలు ఒక్కొక్కటే కనిపించడం మొదలైంది. "దీని కింద ఉత్తరం పెడితే చదవగలగాలి" అంది. నేను ప్రయత్నిస్తే మూడు చోట్ల చిరిగింది. బాబాయికి మొదటిసారే వచ్చేసింది. ఆ చేతులు అలాంటివి. పని అయ్యాక ఆమె దుప్పటి తీసుకెళ్ళి వాకిట్లో దులిపింది. పిండి మేఘంలా లేచింది. పక్కనే నిలబడ్డ బాబాయి దగ్గుతూ గోడ పట్టుకుని కూర్చుండిపోయాడు. ఎనిమిది రోజుల్లో అతను దగ్గింది ఆ ఒక్క పూటే. "పిండిని చూడగానే వీడికి పని గుర్తొచ్చింది" అన్నారు మీ నాన్న. అందరం నవ్వాం. నేనూ నవ్వాను. సంగతి ఏమిటో ఆ వాకిట్లో మా కళ్ళ ముందే తెల్లగా లేచి కనిపించింది, మేం చూడలేదు.

ఆ తర్వాత కూడా రెండేళ్ళు అతన్ని పిండిలోనే ఉంచాం. వైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళేసరికి, ఆయన వేసిన మొదటి ప్రశ్న, "ఊరు వెళ్ళినప్పుడు తగ్గుతుందా?" అని. పిండి దుమ్ముతో వచ్చే ఉబ్బసమట. రొట్టెలు చేసేవాళ్ళ దగ్గు గురించి ఇటలీలో బెర్నార్డినో రామజ్జీని అనే వైద్యుడు 1700లోనే రాశాడట. అంత పాత సంగతి మాకు తెలియకపోయింది. మొదట్లోనే దూరంగా ఉంటే చాలామందికి తగ్గుతుందట, ఆలస్యమైతే పిండి మానేసినా వదలదట. చిన్నప్పుడు నువ్వు, "బాబాయి లోపలికి ఎందుకు రాడు, నాన్నతో గొడవా?" అని అడిగేదానివి. గొడవ కాదమ్మా.

పోయిన నెల నువ్వు పది రోజులు తిరిగి వచ్చావు. సముద్రం, పడవ, ఆ పాత వంతెన ఫోటోలన్నీ పంపావు. ఏం తిన్నావో, ఎక్కడ ఉన్నావో, రాత్రుళ్ళు నిద్ర పట్టిందో లేదో ఒక్క మాటా రాయలేదు. ఆ పది రోజుల్లో దగ్గు వచ్చిందా? తిరిగొచ్చి పనిలోకి వెళ్ళిన ఎన్నో రోజున మొదలైంది? నేను అడుగుతున్నది ఇదే.

ఉపన్యాసం ఇవ్వనని మీ నాన్నకు మాటిచ్చి కూర్చున్నాను, అయినా ఇవి రాయక తప్పదు. బస్తాను ఎత్తి గుమ్మరించకు, గిన్నెలోకి వంచి మూతి లోపలికి పెట్టి మెల్లగా జార్చు. మిక్సర్‌ను మొదట అన్నింటికన్నా తక్కువ వేగంలో తిప్పు, పిండి తడిసేదాకా మూత తీయకు. నేలను పొడి చీపురుతో ఊడవద్దు, తడిగుడ్డతో తుడువు. ఖాళీ బస్తాలు దులపకు, మడత పెట్టి పక్కన పెట్టు. ముక్కుకు కట్టుకునే చేతిరుమాలు సన్నని దుమ్మును ఆపదు, ముఖానికి అంటుకుని కూర్చునే మాస్కు కావాలి. పిండి బాగా పొంగడానికి కలిపే ఎంజైము పొడులు ఉంటాయే, వాటితో ఇంకా జాగ్రత్త, అవి కూడా పడనివాళ్ళున్నారు. ఊపిరితిత్తుల వైద్యుడి దగ్గరకు వెళ్ళు. పీక్ ఫ్లో మీటర్ అని, ఊపిరి ఎంత వేగంగా వదలగలుగుతున్నావో కొలిచే చిన్న గొట్టం ఇస్తారు. పని ఉన్న రోజుల్లోనూ సెలవు రోజుల్లోనూ, రోజుకు నాలుగుసార్లు ఊది అంకెలు రాసుకోవాలి, కొన్ని వారాల పాటు. తగ్గిందని మధ్యలో మానేయకు. నీ సొంతంగా మందుల దుకాణంలో దగ్గు మందు కొని తాగేసి ఊరుకోకు. నీ అలవాటు నాకు తెలుసు.

పని మానెయ్యమని అనడం లేదు. ఆ మాట అనడానికి నాకు నోరు రాదు. నీ చేతులు కూడా బాబాయి చేతుల్లాంటివే.

నేను ఇప్పటికీ మూడు గంటలకే లేస్తున్నాను. రేడియోలో పాత పాటలు వస్తుంటాయి, మెట్ల కింద గదిలో పిండి కలుపుతూ వింటాను. నువ్వున్నప్పుడు స్టేషను మార్చేదానివి, ఇప్పుడు మార్చేవాళ్ళు లేరు. రాత్రిళ్ళు టీవీలో డేరాలో జరిగే ఆ కేకుల పోటీ చూస్తాం. మొన్న ఒకమ్మాయి జల్లెడను భుజం ఎత్తున పట్టుకుని పిండిని మంచులా కురిపించింది. చూడడానికి అందంగానే ఉంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోయాను. మీ నాన్న కూడా కట్టేశారు.

నీలం డబ్బాలో రెండు డజన్ల మాస్కులు, ఊలు కండువా, తేనె సీసా పెట్టి పంపుతున్నాను. సీసా మూత బిగుతుగా ఉంటుంది, గుడ్డతో పట్టుకుని తిప్పు. కండువా మెడకు చుట్టుకోవడానికే, ఓవెన్ తలుపు పట్టుకోవడానికి కాదు. పెద్దత్తకు ఈ విషయం ఏమీ చెప్పలేదు, నువ్వూ చెప్పకు, రేపే రైలెక్కేస్తుంది.

నిన్న సాయంత్రం బాబాయి వచ్చి ఎప్పటిలాగే రోడ్డుకు అవతల నిలబడ్డాడు. దాటి వెళ్ళి నీ గుమ్మడి టార్టు ఫోటో చూపించాను. చాలాసేపు చూశాడు. "బిడ్డ ముఖం ఉన్న ఫోటో లేదా వదినా?" అని అడిగాడు.

అమ్మ